మట్టి ఇటుక నుంచి గోల్కొండ్ దాకా

గురువారం

చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వచ్చే బస్సు పాండిచ్చేరి చేరకముందే ఆరోవిల్ మలుపు దగ్గర దిగిపోవచ్చు. అక్కడ ఆటో ఎక్కితే సముద్రం వెనకబడి, రోడ్డు మెల్లగా మెట్ట ఎక్కుతుంది. కుయిలాపాళయంలో బేకరీలు, స్కూటర్లు అద్దెకిచ్చే షాపులు, కొబ్బరిబొండాల బళ్లు దాటాక నేల రంగు మారిపోతుంది. పైన పచ్చటి చెట్లు, కింద ఎర్రటి ధూళి. సాయంత్రానికి మా చొక్కాలదీ అదే రంగు.

మేమంటే నేను, మా బావ. అక్క భర్త, తెనాలిలో ఇళ్ల కాంట్రాక్టరు. కొత్తరకంగా కట్టి చూసిన ఆర్కిటెక్టుల పనులు దగ్గర్నుంచి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. ఫోటోలు చూసి మెచ్చుకోవడం నాలాంటివాడు ఎలాగూ చేస్తాడు. ఏళ్ల తరబడి స్లాబులు పోయించినవాడు పక్కనుంటే ఆ మెచ్చుకోలు ఎంతవరకు నిలుస్తుందో తేలుతుందని బావని బతిమాలి తెచ్చాను. "మట్టి ఇటుకలతో అంతస్తులు లేపారంటున్నావు. అది చూపిస్తే సరే. ధ్యానాలూ గీనాలూ అయితే మాత్రం నేను బీచికి పోతాన్రా" అని షరతు పెట్టి మరీ వచ్చాడు.

ఆరోవిల్ మొదలైంది 1968 ఫిబ్రవరి 28న. అరవిందాశ్రమంలో అందరూ 'మదర్' అని పిలిచే మిర్రా అల్ఫాస్సా తలపెట్టిన ఊరు ఇది. ఆ రోజు 124 దేశాల యువతీయువకులు తమ నేల నుంచి తెచ్చిన గుప్పెడు మట్టిని తామరమొగ్గ ఆకారంలోని కలశంలో పోశారు. ఫ్రెంచి ఆర్కిటెక్టు రోజర్ ఆంజే గీసిన ప్లాన్‌కి గెలాక్సీ అని పేరు. మధ్యలో మాతృమందిర్ అనే ధ్యానమందిరం, దాని చుట్టూ సుడి తిరుగుతూ నాలుగు జోన్లు, వాటి చుట్టూ పచ్చని వలయం. యాభై వేల మంది ఉండాలని వేసిన ఊరది. ఇప్పుడున్నది మూడు వేల పైచిలుకు.

ఆనాటి ఫోటోల్లో ఇక్కడ చెట్టు కనపడటమే అరుదు. వాన నీళ్లు కోసేసిన గాడులు, బోడి నేల. వచ్చినవాళ్లు ముందు గట్లు వేసి నీటిని ఆపారు, తర్వాత లక్షల మొక్కలు నాటారు. ఇక్కడ జరిగిన మొట్టమొదటి డిజైను పని ఇదేనని నా లెక్క. ఆ నీడ లేకుండా తర్వాత కట్టిన ఇళ్లు ఇంత చల్లగా ఉండేవి కావు.

విజిటర్స్ సెంటర్‌లో బావ చేసిన మొదటి పని గోడని గోటితో గీకడం. రాలలేదు. రెండోసారి తాళంచెవితో గీకాడు. "ఏం కలిపార్రా దీంట్లో" అని అక్కడే కూర్చుండిపోయాడు. సుహాసిని అయ్యర్ డిజైన్ చేసిన ఈ భవనం కాల్చని మట్టి దిమ్మెలతో కట్టింది. కమాన్లు, వసారాలు, మధ్యలో చెట్లున్న ఖాళీలు. పేదల కోసం మట్టితో కట్టడాన్ని జీవితాంతం సమర్థించిన ఈజిప్టు ఆర్కిటెక్టు హసన్ ఫతీ పేరిట ఉన్న అవార్డు 1992లో దీనికి వచ్చింది.

ఇక్కడే పాసు తీసుకుని, వీడియో చూసి, చెట్ల కింద నడుచుకుంటూ వెళ్తే మాతృమందిర్ కనిపించే చోటుకు చేరతాం. 1971లో పునాదిరాయి పడింది, పని పూర్తయింది 2008లో. దాదాపు 29 మీటర్ల ఎత్తున్న గోళం, దానిమీద 1,415 బంగారు పళ్లేలు. ఎండలో కళ్లు చెదురుతాయి. జనం సెల్ఫీలు దిగుతున్నారు. బావ మాత్రం, "గుడి సంగతి సరే, మనిషి పడుకునే గదికి వీళ్లేం చేశారో అది చూపించు" అన్నాడు. ఆ ప్రశ్న ఈ యాత్ర మొత్తానికీ మాకు పనికొచ్చింది.

శుక్రవారం

ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్‌కి మేం వెళ్లేసరికి శిక్షణ కోసం వచ్చిన పిల్లలు మట్టి జల్లెడ పడుతున్నారు. 1989లో మొదలైన ఈ సంస్థను సత్‌ప్రేమ్ మాయిని అనే ఫ్రెంచి ఆర్కిటెక్టు దశాబ్దాల పాటు నడిపించారు. మట్టి కట్టడాల మీద యునెస్కో పీఠం కూడా దీనికి ఉంది. బోర్డులూ పీఠాలూ మాకెందుకు గానీ, అక్కడి పని చూడాలి.

జల్లించిన మట్టిలో నూటికి ఐదు పాళ్లు సిమెంటు కలుపుతారు. కొద్దిగా నీళ్లు. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, చేతికి అంటుకోకూడదు. ఆ పొడిపొడి మిశ్రమాన్ని ఆరమ్ అనే చేతి ప్రెస్సులో పోసి, మూతేసి, పొడవాటి ఇనప గడను ఇద్దరు బలంగా కిందికి లాగుతారు. అంచులు కత్తితో కోసినట్టున్న దిమ్మె బయటికొస్తుంది. దాన్ని బట్టీలో పెట్టేదేమీ లేదు. కప్పి ఉంచి, తడి ఆరకుండా చూస్తూ నాలుగు వారాలు ఆగాలి. కట్టెలు, బొగ్గు, పొగ ఏవీ అక్కర్లేదు.

బావ చొక్కా చేతులు మడిచి గడ లాగాడు. మొదటి దిమ్మె ఒక మూల విరిగింది. మట్టి తక్కువైందని అక్కడి మేస్త్రి నవ్వాడు. రెండోది నిలబడ్డాక బావ అడగడం మొదలుపెట్టాడు: ఏ మట్టైనా పనికొస్తుందా? రాదట. గులకరాయి పదిహేను పాళ్లు, ఇసుక యాభై, ఒండ్రు పదిహేను, బంకమన్ను ఇరవై ఉంటే బాగుంటుంది. బంక ఎక్కువైతే ఆరాక ముడుచుకుని పగులుతుంది. అలాంటి మట్టికి సిమెంటు కంటే సున్నం నయం. అంటే మా వైపు నల్లరేగడి నేరుగా పనికిరాదు. వానొస్తే ఉబ్బి, ఎండకు బీటలు తీసే నేల అది. బావ మొహం కాస్త వాడిపోయింది. "మా దగ్గర ఈ ఎర్రమట్టి దొరకాలంటే లారీ కిరాయి తడిసి మోపెడవుద్ది. అప్పుడిక చౌకేముంది?" అన్నాడు. అక్కడున్న అమ్మాయి ఒప్పుకుంది. తవ్విన చోటే కట్టుకోవాలన్నదే అసలు సూత్రమని, దూరం నుంచి మట్టి తోలితే ఈ పద్ధతికి అర్థం లేదని చెప్పింది. అమ్మకానికి వచ్చినవాళ్లు ఇంత నిజం చెప్పరు.

నన్ను కట్టిపడేసింది కప్పుల పని. సెంట్రింగ్ లేకుండా, అంటే కింద ఆసరా చట్రం ఏదీ పెట్టకుండా, కమాను కప్పు వేస్తారు. నైలు నది ఒడ్డున నుబియా మేస్త్రీలు తరతరాలుగా చేస్తున్న పద్ధతి ఇది, హసన్ ఫతీ మళ్లీ వెలుగులోకి తెచ్చాడు. వెనక గోడకు ఆనించి, కొంచెం వాల్చి, పలచని దిమ్మెలను ఒక్కొక్కటిగా అంటిస్తూ పోతారు. పలచటి మట్టి అడుసులోని తడిని దిమ్మె పీల్చుకోగానే అతుక్కుని నిలబడిపోతుంది. ఒక వరస కమాను పూర్తయితే అది తన బరువు తానే మోసుకుంటుంది, తర్వాతి వరస దానికి ఆనుకుంటుంది. ఇక్కడివాళ్లు ఆ పద్ధతిని ఇంకా ముందుకు తీసుకెళ్లి పెద్ద పెద్ద వెడల్పులకు సరిపడేలా చేశారు. కోయంబత్తూరు దగ్గర 22 మీటర్ల వ్యాసమున్న ధ్యానలింగ గుమ్మటం ఈ సంస్థ నేర్పిన పద్ధతిలో కట్టిందే. ఇనుము లేదు, సిమెంటు కాంక్రీటు లేదు.

"సెంట్రింగ్ కర్రలు, ప్లేట్లు, జాకీలు... మా ఖర్చులో పెద్ద భాగం అదేరా" అని బావ ఆ కప్పు కిందే తల పైకెత్తి చాలాసేపు నిలబడ్డాడు. ఒక్క మేస్త్రి చేతివాటం మీద అంత ఆధారపడే పని ఎంతమందికి నేర్పగలరన్నది ఆయన అనుమానం. నాకూ అదే అనిపించింది. యంత్రం ఊరికి వెళ్తుంది, చేయి అంత తేలిగ్గా వెళ్లదు.

మధ్యాహ్నం వికాస్ అనే కాలనీ చూశాం. 1990లలో కట్టారు. పునాదులకూ నేలమాళిగకూ తవ్విన మట్టితోనే ఆ ఇళ్లు లేచాయి, ఒకటి నాలుగంతస్తులు. షరతు తీరింది. బీచి మాట మళ్లీ ఎత్తలేదు బావ.

శనివారం

పొద్దున మాతృమందిర్ లోపలికి. ముందుగా బుక్ చేసుకోవాలి, ఫోన్లు బయటే వదిలేయాలి, లోపల మాట్లాడకూడదు. తెల్లటి పాలరాతి గది, పన్నెండు స్తంభాలు, మధ్యలో 70 సెంటీమీటర్ల స్ఫటిక గోళం. పైకప్పు మీది అద్దం సూర్యుడితోపాటు తిరుగుతూ ఒకే ఒక్క కిరణాన్ని నిలువుగా దానిమీదికి దించుతుంది. నేను దేవుడి విషయంలో అటూ ఇటూ కాని మనిషిని. ఆ గదిలో వెలుతురుతో చేసిన పని మాత్రం గొప్పది. బావ కునుకు తీశాడని నా అనుమానం.

అదే సూర్యుడు మధ్యాహ్నం భోజనం వండాడు. సోలార్ కిచెన్ డాబా మీద 15 మీటర్ల వెడల్పున్న గిన్నె ఆకారం, లోపలంతా చిన్న చిన్న అద్దాలు. గిన్నె కదలదు. కేంద్రం దగ్గర వేలాడే గొట్టం లాంటి రిసీవర్ పొద్దుని అనుసరించి కదులుతుంది, దాని వేడితో ఆవిరి పుట్టి కింద వంటశాలకు వెళ్తుంది. మబ్బు పట్టిన రోజుకు డీజిల్ బాయిలరు ఉంది. ఇక్కడ రోజుకు వెయ్యి మందికి పైగా భోజనం తయారవుతుంది. అన్నం, పప్పు, ఉడకబెట్టిన కూరగాయలు. మా నాలుకకు కారం చాలలేదు, బావ బ్యాగులోంచి కందిపొడి డబ్బా తీశాడు. పక్కన కూర్చున్న ఫ్రెంచి పెద్దమనిషి కూడా అడిగి వేయించుకున్నాడు.

సాయంత్రం ఆరోమోడల్ అనే కాలనీ వైపు స్కూటర్ మీద వెళ్లాం, వాల్ హౌస్ అనే ఇల్లు చూడ్డానికి. దాన్ని కట్టిన ఆర్కిటెక్టు అనుపమా కుందూ 1990లో ఇక్కడికొచ్చారు, అప్పటికి ఆర్కిటెక్చర్ చదువు ముగించి ఎంతో కాలం కాలేదు. 1997, 2000 మధ్య ఈ ఇల్లు కట్టారు. సొంత ఇల్లు కాబట్టి ఏది కొత్తగా తోస్తే అది చేసి చూసుకున్నారు. ఈ ప్రాంతంలో పాతకాలం నుంచి వాడే పలచని ఇటుకలను సున్నంతో పేర్చిన పొడవాటి గోడ. కప్పులో కొంతభాగం స్థానిక కుమ్మరులు చేసిన మట్టి గొట్టాల కమాను. ఇంకోచోట స్లాబులో, కాంక్రీటు పని లేని జాగాల్లో మట్టి కుండలు బోర్లించారు. బరువు తగ్గుతుంది, కుండలోని గాలి వేడిని ఆపుతుంది. మేం రోడ్డు మీంచి, చెట్ల సందుల్లోంచి చూసిందే. మనుషులుండే చోటు, లోపలికి రానిమ్మని అడగలేదు.

2012లో వెనిస్ బినాలే అనే ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో ఈ ఇంటిని అదే కొలతలతో మళ్లీ నిలబెట్టారు. ఆ పనికి మన మేస్త్రీలు వెనిస్ వెళ్లి విదేశీ విద్యార్థులతో కలిసి ఇటుక పేర్చారు. ఆర్కిటెక్చర్ పండగల్లో సాధారణంగా మేస్త్రి కనపడడు. అందుకే ఆ సంగతి నాకు భలే నచ్చింది.

ఇల్లంతటినీ కాల్చేసిన మనిషి కథ రాత్రి గెస్ట్ హౌస్ వసారాలో బావకి చెప్పాను. అమెరికా నుంచి వచ్చిన కుండల కళాకారుడు రే మీకర్, డెబొరా స్మిత్‌తో కలిసి 1971లో పాండిచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టారు. మట్టి ఇంటిని కట్టేశాక దానికే నిప్పుపెట్టి ఇటుకలా గట్టిపరచవచ్చని ఇరాన్ ఆర్కిటెక్టు నాదిర్ ఖలీలీ చేసిన ప్రయత్నం చూసి, 1985 నుంచి మీకర్ ఆ పనిలో పడ్డారు. పచ్చి ఇటుకలతో కమాను ఇల్లు కట్టి, లోపలంతా పచ్చి ఇటుకలు, పెంకులు, కుండలు నింపి, రోజుల తరబడి మంట పెడతారు. ఇల్లే బట్టీ. చల్లారాక లోపలున్న సరుకు అమ్ముకుంటే కట్టెల ఖర్చు కొంత వస్తుంది, ఇల్లు మిగులుతుంది. తర్వాత అనుపమా కుందూ ఈ పద్ధతిలోనే పాండిచ్చేరి దగ్గర దిక్కులేని పిల్లల కోసం గుండ్రటి ఇళ్లు కట్టించారు. కిటికీలకు గ్రిల్లులుగా పాత సైకిల్ చక్రాలు పెట్టారు.

"అద్భుతం. ఎవడు కట్టించుకుంటాడు?" అన్నాడు బావ. కాసేపాగి, "సైకిల్ చక్రం మాత్రం చేస్తా" అన్నాడు.

ఆదివారం

గెలాక్సీ ప్లాన్ కాగితం మీద ఎంత అందంగా ఉన్నా నేల మీద ఊళ్లున్నాయి, కాలవలున్నాయి, ఇప్పుడు అడవి ఉంది. 2021 డిసెంబరులో ప్లాన్‌లోని వలయ రోడ్డు కోసం జేసీబీలతో చెట్లు కొట్టేయడంతో నివాసులు రెండుగా చీలారు. పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ 2022లో పనులకు కళ్లెం వేస్తే, 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మేం ఆ రోడ్డు మీద కొంత దూరం నడిచాం. గీసిన గీతకు చెట్టు అడ్డమొస్తే గీతని వంచాలని నా పక్షం. ఊరు పెరగాలంటే రోడ్డు కావాలని వాదించేవాళ్లూ ఇక్కడే ముప్పై, నలభై ఏళ్లుగా మొక్కలకు నీళ్లు పోసినవాళ్లే కావడం వల్ల ఆ వాదన తేలిగ్గా తోసేయలేం.

ఇడయంచావడి ఊళ్లోకి వెళ్లాక అసలు సంగతి తగిలింది. ఆరోవిల్ మట్టి ఇళ్లలో చాలావాటిని కట్టిన చేతులు ఈ చుట్టుపక్కల ఊళ్లవే. ఒక టీ కొట్టు దగ్గర పరిచయమైన తాపీ మేస్త్రి నెల్లూరులో కొన్నాళ్లు పనిచేశాడట, తెలుగు బాగా మాట్లాడాడు. కమాను కప్పులు వేయడంలో దిట్ట. ఇల్లు చూపిస్తానని తీసుకెళ్లాడు. గులాబీ రంగు వేసిన కాంక్రీటు ఇల్లు, ముందు వరండాకు మెరిసే టైల్స్, పైన స్లాబు. లోపల రెండు ఫ్యాన్లు తిరుగుతున్నా వేడి తగ్గలేదు.

"నువ్వు వేసే కప్పు నీ ఇంటికెందుకు వేసుకోలేదు?" అని బావ మొహమాటం లేకుండా అడిగాడు.

మేస్త్రి కూడా దాచలేదు. "పిల్లకి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు మట్టిల్లు చూస్తే ఏమనుకుంటారు సార్? మా నాన్న ఉన్నది మట్టింట్లోనే. అందులోంచి బయటపడ్డానికే ఇంత పని చేశాను. పైగా రేపు పైన ఇంకో అంతస్తు వేసుకోవాలంటే కమాను మీద ఎలా వేస్తాను?"

మూడు ముక్కల్లో తేల్చేశాడు. ఇంతకాలం చేసిన ప్రయోగాలకు ఇంతకంటే గట్టి విమర్శ నేనెక్కడా వినలేదు. డబ్బున్నవాళ్లకు మట్టి రుచి. డబ్బు కళ్లజూస్తున్నవాళ్లకు అది పాత బాధ. ఆర్కిటెక్టులు వేడిని లెక్కగట్టారు, బరువు లెక్కగట్టారు, పరువుని లెక్కలోకి తీసుకున్నవాళ్లు తక్కువ. ఇక పై అంతస్తు మాట. మన దగ్గర ఇల్లు అంటే పిల్లర్ల చువ్వలు పైకి వదిలేసి, కొడుకు పెళ్లినాటికి ఇంకో అంతస్తు వేసుకునే పొదుపు. కమాను ఇల్లు కట్టిన రోజే పూర్తయిపోతుంది, తర్వాత పెరగదు.

గెస్ట్ హౌస్‌కి తిరిగొస్తుంటే వాన. ఎర్రటి నీళ్లు రోడ్డు మీద పారాయి గానీ అడవిలోకి వెళ్లినవి గట్ల దగ్గర ఆగిపోయాయి.

సోమవారం

పాండిచ్చేరి. ద్యుప్యుయి వీధిలో అరవిందాశ్రమం వాళ్ల వసతి గృహం ఉంది, పేరు గోల్కొండ్. ముందే రాసి అనుమతి తీసుకున్నాం. ఫోటోలు తీయకూడదు, గొంతు పెంచకూడదు. ఇక్కడ మనుషులు ఉంటున్నారు, ప్రదర్శన కోసం కట్టింది కాదు.

పేరులోనే మన సంగతి ఉంది. 1930లలో సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం ఆశ్రమానికి లక్ష రూపాయలు ఇచ్చింది. ఆ డబ్బుతో మొదలైంది కాబట్టి వజ్రాల గోల్కొండ పేరు పెట్టారు. డిజైను ఆంటోనిన్ రేమండ్‌ది. చెక్ దేశంలో పుట్టి, ఫ్రాంక్ లాయిడ్ రైట్ హోటలు పని మీద జపాన్ వెళ్లి, అక్కడే స్థిరపడి ఆఫీసు నడిపిన మనిషి. ఆయన తరఫున ఇక్కడ ఉండి పని చూసుకున్నవాళ్లు జార్జ్ నకషిమా, ఫ్రాంటిషెక్ సామర్. నకషిమా తర్వాత అమెరికాలో చెక్క సామాన్ల తయారీలో పెద్ద పేరయ్యారు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1942లో, ఈ భవనం పూర్తయింది. కట్టినవాళ్లలో చాలామంది అంతకుముందు తట్ట పట్టని ఆశ్రమవాసులు.

లోపల అడుగుపెట్టగానే బావ కిందికి చూశాడు. నల్లటి నేల. "కడప బండలు" అన్నాడు, సొంతూరి మనిషి ఎదురైనంత సంబరంగా. నిజమే, అవి కడప రాళ్లే.

భవనానికి ఉత్తరం, దక్షిణం వైపుల గోడలంటూ లేవు. నేల నుంచి పైదాకా అడ్డంగా పేర్చిన సిమెంటు పలకల లూవర్లు. ఇత్తడి పిడి తిప్పితే వరసంతా కలిసి తెరుచుకుంటుంది, కావలసినంత మేరకే. ఎండ రాదు, వానజల్లు రాదు, సముద్రపు గాలి వస్తుంది. గదులన్నీ ఒకే వరసలో, ఉత్తరాన నడవా. నడవాకీ గదికీ మధ్య టేకు చెక్కతో జారుడు తలుపు. దాన్ని మూసినా సందుల్లోంచి గాలి ఆడుతుంది, లోపలి మనిషి కనపడడు. పైన స్లాబు మీద మళ్లీ కమాను పలకలతో ఇంకో పలచని కప్పు. రెండింటి మధ్య గాలి, అందువల్ల ఎండ దెబ్బ పైకప్పే తింటుంది. ఇత్తడి సామానంతా భక్తులిచ్చిన పాత్రలు కరిగించి పోతపోసిందట. గోడలకు గుడ్డుసొన కలిపిన సున్నపు పూత, చేత్తో తడిమితే జారిపోయేంత నునుపు. పన్నెండు గంటలకు, వాన కురిసిన మర్నాటి ఉక్కలో, గదిలో చెమట పట్టలేదు.

ఆరోవిల్‌కి పాతికేళ్ల ముందే కట్టిన ఈ ఇల్లే నేను చూసినవాటన్నిటిలో ముందుకాలానిదని నా తీర్పు. ఇందులో కాంక్రీటే ఉంది, అంటే ఆ మేస్త్రికి నామోషీ లేదు. చల్లదనం మాత్రం వస్తువు పేరులో కాక గాలి నడిచే దారిలో ఉంది. తప్పులు లేవని కాదు. ఆ పలకల్లో ఆస్‌బెస్టాస్ ఉంది, ఇప్పుడైతే ఎవరూ వాడకూడదు. ఆ శ్రద్ధ, ఆ తీరిక కూలి లెక్కగట్టి కొనగలిగేవి కావు. అయినా రెండో కప్పు, ఉత్తరపు నడవా, తిరిగే పలకలు తెనాలిలో చేయలేనివి కావు.

బావ ఒక పిడి దగ్గర వంగి, పలకలు దేనిమీద తిరుగుతున్నాయో, నీళ్లు లోపలికి ఎందుకు కారడం లేదో, ఒక్కో పలక ఎంత బరువుంటుందో వెంటవచ్చినాయన్ని గుచ్చి గుచ్చి అడిగాడు. బస్టాండుకి వచ్చాక తన వెల్డింగ్ మనిషికి ఫోన్ చేశాడు. ఒకే రాడ్డుతో ఆరు పలకలు తిరిగే లూవర్ చేయగలవా అని. పలకలు అల్యూమినియంవా అని అవతలి నుంచి ప్రశ్న. "కాదు, సిమెంటువి. అచ్చు నేను పోయిస్తా, ఇరుసు నువ్వు చేయి. ముందు మా పడగ్గదికి ఒక్క కిటికీ. మీ అక్కకి చెప్పకు, పెట్టాక చూపిద్దాం" అన్నాడు బావ.